ఆ ఒక్క మాట తప్ప

హో అనే ఊళ్లో, నర్సింగ్ స్కూలు వెనక గదిలో
మూడు రోజుల శిక్షణ.
పోలీసులం నలుగురం, ఒక మంత్రసాని,
సంక్షేమ శాఖ వాళ్లిద్దరు,
కుర్చీలో పట్టని మేజిస్ట్రేటు తమక్లో గారు.
కుర్చీలు పసిపిల్లల బడివి.
కావాలనే తెప్పించిందట యాయ్రా మేడమ్.
మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే
పంతొమ్మిదేళ్ల సర్వీసు ఎటు పోయిందో తెలీలేదు నాకు.

మొదటి రోజు అంది:
"నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో
పక్కవాళ్లకి చెప్పండి. వరసగా. ఏదీ వదలకుండా."
టీ తాగాక స్నానం చేశానా, చేశాక తాగానా?
మంత్రసాని మావూసే పకపకా నవ్వింది,
తన వంతు రాగానే తనూ తడబడింది.
"చొక్కా రంగేమిటి?"
"గుర్తులేదు."
"అబద్ధమాడుతున్నారా?"
గదిలో నవ్వు ఆగింది.
"ఎనిమిదేళ్ల వాణ్ణి మనం తారీఖులు అడుగుతాం,"
అంది మేడమ్, వేరుశెనగ పొట్టు ఊదుకుంటూ.

రెండో రోజు బోర్డు మీద ఒక మాట రాసి
అడ్డంగా గీత కొట్టింది.
నూకాటా.
మా ఎవే భాషలో, ఎందుకు.
ఎందుకు వెళ్లావు, ఎందుకు పారిపోలేదు,
ఎందుకు ఎవరికీ చెప్పలేదు.
"మీరడిగేది ప్రశ్న. వాళ్లకి వినబడేది తీర్పు."
మేజిస్ట్రేటు గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.
"అమ్మ దగ్గరికి పంపిస్తానని మాటివ్వకండి.
పడవెక్కించింది అమ్మే కావచ్చు."
ఈ ముక్క నేను రాసుకోలేదు.
రాసుకోకపోయినా ఉండిపోయింది,
గొంతులో చేపముల్లులా.

ఎందుకంటే... చూశారా, నాలుకకి ఎంత అలవాటో!
ఆరేళ్ల కిందట వోల్టా సరస్సులో ఒక పడవ ఆపాను.
నీళ్ల కింద అడవి అది. ఆనకట్ట కట్టినప్పుడు
నిలబడ్డ చెట్లు నిలబడ్డట్టే మునిగాయి.
కొమ్మలకి వల చిక్కుకుంటే
విడదీయడానికి దూకేది పిల్లలు.
వాడి పేరు సేనా.
వేళ్ల సందుల్లో చర్మం ఉడికిన గుడ్డు పొరలా తెల్లగా.
"ఇంత ఈత వచ్చు కదరా,
ఒడ్డుకి ఈదుకుంటూ పోలేదేం?" అన్నాను.
వాడు నా బూట్ల వంక చూశాడు.
సాయంత్రం దాకా చూశాడు.
రిపోర్టులో రాశాను: బాలుడు సహకరించలేదు.
నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని స్టేషన్లో పేరు.

మూడో రోజు సర్టిఫికెట్లు, ఫొటో,
కెంకే ముద్దలు, చేపల పులుసు.
తమక్లో గారు ఎవరితోనూ మాట్లాడకుండా
తన చిన్న కుర్చీ తనే మోసుకెళ్లి గోడవార పెట్టారు.

పోయిన గురువారం దంబాయి రేవులో,
చేపలకి పొగబెట్టే పాకలో దొరికింది ఎన్యోనామ్.
టోపీ, బెల్టు బల్ల మీద పెట్టేశాను. బూట్లు గుమ్మం బయట.
చాప మీద కూర్చున్నాను,
ఆమెకి తలుపు కనబడేటట్టు.
కొంచెం ఎడంగా మావూసే నారింజ వలుస్తోంది.
"చెప్పాలనిపిస్తే చెప్పు తల్లీ. అనిపించకపోతే వద్దు."
అంతే. ఆ తర్వాత నోరు మూసుకోవడమే పని.
అదీ ఒక పనేనని ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు.
ఫ్యాను తిరిగింది.
మేక ఒకటి లోపలికొచ్చి, తొనలు వాసన చూసి, వెళ్లింది.
నలభై నిమిషాలకి
పిల్ల పెదవి కదిలింది:

"నూకాటా?"
ఎందుకు విప్పావు బూట్లు?

గీత కొట్టిన మాట.
వాళ్లే అడిగితే ఏం చెయ్యాలో
మేడమ్ మాకు నేర్పలేదు.
"ఒకబ్బాయి," అన్నాను, "వీటినే చూస్తూ కూర్చున్నాడు.
రోజంతా. నాకప్పుడు అర్థం కాలేదు."
పిల్ల గుమ్మం వైపు చూసింది.
"పెద్దవి," అంది.
"అవును."
నారింజ తొన ఒకటి తీసుకుంది. తినలేదు.
"ఆయనకి చెప్పులు లేవు," అంది.
"రాత్రి వస్తే చప్పుడు వినపడదు."

నేను పెన్ను తియ్యలేదు.